నేటి నాలుగు ఆటల పిచర్లు, హాలు వేళ మార్చమని విన్నపం

మంగళవారం, 2024 అక్టోబరు 1, ఉదయం

మన హ్యూస్టన్ సంఘం వాలంటీర్లందరికీ నమస్కారం.

రేపు ఎంగిలిపూల బతుకమ్మ కనుక ఈ రోజు పూల పనికి ఎలాగూ హాలులో కలుస్తున్నాం. అక్కడే తెర మీద బేస్‌బాల్ ప్లేఆఫ్స్ (సీజను చివరి నాకౌట్ పోటీలు) తొలిరోజు ఆటలు చూపించాలని నిర్ణయించుకున్నప్పుడు, ఎవరికి ఎదురుగా ఎవరు పిచింగ్ చేస్తారో (అంటే బంతి విసురుతారో) రాసే పని నాకు అప్పగించారు. సాయంత్రం అయిదింటికి తెర పెడితే చాలన్న మాటను దయచేసి మార్చండి. అన్నింటిలోకీ గొప్ప పోటీ మన ఊళ్లోనే, మినిట్ మెయిడ్ పార్కులో, మధ్యాహ్నం 1:32కే మొదలవుతుంది.

డెట్రాయిట్ తరఫున వస్తున్న తారిక్ స్కూబల్ ఈ ఏడాది 18 విజయాలు, 2.39 సగటు (ఒక పూర్తి ఆటకు ఇచ్చిన పరుగుల లెక్క), 228 స్ట్రయిక్ అవుట్లతో (మూడు స్ట్రయిక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) రెండు లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో మూడింటా మొదటి స్థానంలో నిలిచాడు. వేగమైన బంతి వస్తుందనుకుని బ్యాటర్ బ్యాట్ ఊపేసిన తరువాత గానీ అతని చేంజప్ (వేగమైన బంతిలాగే విసిరే నెమ్మది బంతి) బ్యాటర్ దగ్గరి ప్లేటుకు చేరదు. మన హ్యూస్టన్ జట్టు పిచర్ ఫ్రాంబర్ వాల్డెజ్ కూడా ఎడమచేతి వాటం వాడే, సగటు 2.91, కానీ అతని పద్ధతి వేరు. చివర్లో కిందికి దిగే సింకర్ అనే బంతితో నేలబారుగా కొట్టించి, మిగతా పని ఆల్టూవే వంటి ఫీల్డర్లకు వదిలేస్తాడు. డెట్రాయిట్ మేనేజర్ ఎ.జె. హించ్ 2017లో హ్యూస్టన్‌కు ప్రపంచ సిరీస్ గెలిపించినవాడు. స్కూబల్ లేని రోజుల్లో చాలాసార్లు ఒకే ఆటలో అయిదారుగురు పిచర్లను మారుస్తూ నెట్టుకొచ్చే జట్టు కనుక, మూడు ఆటల ఈ సిరీస్‌లో ఆయనకు నిజమైన ఆధారం ఈ రోజే. నా అంచనాలో ఒకటి రెండు పరుగులతోనే ఆట తేలుతుంది.

పిల్లల దగ్గరికి వచ్చి ఉన్న అమ్మానాన్నలకు ఒక్క సంగతి ముందుగా చెప్పాలి. క్రికెట్‌లో బౌలర్ కాసేపు ఆగి మళ్లీ బంతి అందుకోవచ్చు. ఇక్కడ ఒకసారి తప్పించిన పిచర్ ఆ ఆటలోకి తిరిగి రాలేడు, పైగా తరువాతి ఆటకు ముందు నాలుగైదు రోజుల విశ్రాంతి కావాలి. మొదటి పిచర్ ఎవరన్నదానికి ఇంత పట్టింపు అందుకే.

బాల్టిమోర్‌లో మన వేళ ప్రకారం 3:08కు ఆ ఊరి పిచర్ కార్బిన్ బర్న్స్, కాన్సస్ సిటీ పిచర్ కోల్ రేగన్స్ తలపడతారు. రేగన్స్ మోచేతికి రెండుసార్లు శస్త్రచికిత్స జరిగిన తరువాత నిలదొక్కుకుని ఈ ఏడాది 223 స్ట్రయిక్ అవుట్లు తీశాడు; మన టెక్సస్ రేంజర్స్ నిరుడు వదులుకున్న కుర్రవాడు కనుక అతని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. మిల్వాకీలో 4:32కు ఆ జట్టు పిచర్ ఫ్రెడీ పెరాల్టా, న్యూయార్క్ మెట్స్ పిచర్ లూయిస్ సెవెరీనో. నిన్న అట్లాంటాలో రెండు ఆటలు ఆడి వస్తున్న మెట్స్‌కు అలసట తప్పదు.

అదే అలసట అట్లాంటాను ఇంకా గట్టిగా దెబ్బతీసింది. రెండో లీగ్ అయిన నేషనల్ లీగ్‌లో స్కూబల్ మాదిరిగానే మూడింటా ముందున్న వాళ్ల పిచర్ క్రిస్ సేల్ వెన్నునొప్పితో దూరమయ్యాడు. తుపాను వల్ల వాయిదా పడి నిన్న జరిగిన రెండు ఆటలకు మరో ఇద్దరు పిచర్లను వాడుకోవలసి వచ్చింది. అందువల్ల సాన్ డియేగోలో 7:38కు ఆ ఊరి పిచర్ మైకేల్ కింగ్ ఎదుట, ఈ ఏడాది మేజర్ లీగ్‌లో ఒక్క ఆటే ఆడిన 21 ఏళ్ల ఎ.జె. స్మిత్-షావర్ నిలబడుతున్నాడు. ఆ కుర్రవాడు మన టెక్సస్‌వాడే కనుక బాగా ఆడాలని కోరుకుంటున్నా, మొగ్గు మాత్రం కింగ్ వైపే ఉంది.

కాబట్టి హాలు ఒంటిగంటకు తెరవాలి. పూల బల్లలు తెరకు ఎదురుగా వేస్తే చేతులు పనిలో ఉన్నా ఆట కనిపిస్తుంది. భోజనాలు చూస్తున్న అక్కయ్యగారు, మధ్యాహ్నం టీ, పకోడీలు 1:15కే అందేలా చూడగలరా?

జవాబు (భోజనాల బాధ్యులు): తప్పకుండా. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి రెండో వాయి పకోడీలు వేయిస్తాము.

జవాబు (హాలు బాధ్యులు): తాళాలు నా దగ్గరే ఉన్నాయి. 12:45కు వచ్చి తెర సిద్ధం చేస్తాను. తంగేడు, గునుగు దొరికినవాళ్లు నేరుగా వెనుక గుమ్మం దగ్గర దించండి.