శ్రీశైలం దారిలో కారులోంచి ఫోటోలు: మీ అనుభవాలు చెప్పండి

కూకట్‌పల్లి కోడలు
వచ్చే శనివారం ఆరుగురం హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తున్నాం. అత్తయ్య, మామయ్య, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. పోయినేడు దారంతా ఫోన్‌తో తీశాను. ఇంటికొచ్చి చూస్తే నల్లమల అడవి మీద మా డాష్‌బోర్డు వినాయకుడి నీడ పడి ఉంది. పక్క అద్దంలోంచి తీసినవాటిలో చెట్లన్నీ పచ్చటి గీతలే. మామయ్యగారికి మధ్యలో కారు ఆపడం ఇష్టం ఉండదు. ఏ సీటులో కూర్చోవాలి? అద్దం దించాలా? ఫోన్ చాలా, మావారి పాత కెమెరా తీసుకెళ్ళాలా? పిల్లలకి ఘాట్‌లో వాంతులు కూడా అవుతాయి.

నల్లమల బాట
ముందు టైం చూసుకోండమ్మా. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి బండ్లు వదలరు. మేం తిరిగొచ్చేటప్పుడు డ్యామ్ దగ్గర ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ తీసి, దోమలపెంట గేటు దగ్గరికి వచ్చేసరికి 9 దాటింది. షుగర్ ఉన్న మా అమ్మతో రాత్రంతా కారులోనే. ఆ ఫోటోలు ఇప్పటికీ తెరిచి చూడబుద్ధి కాదు.

లెన్స్ మాస్టారు
22 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు, టూర్లు తీస్తున్నాను. ఒకటే మాట: పోలరైజర్ అనే ఫిల్టర్ కొనండి. లెన్స్ ముందు బిగించి తిప్పితే అద్దం మీద మెరుపు పోతుంది. మిగతావన్నీ అనవసరం.

గాజు పని
మాస్టారూ, ముందు అద్దానికైతే సరే. పక్క అద్దంలోంచి పోలరైజర్‌తో తీస్తే ఇంద్రధనస్సు మచ్చలు వస్తాయి. చెప్పకుండా కొనిపించకండి.

లెన్స్ మాస్టారు
22 ఏళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. మీ ఫిల్టర్ చవకరకం అయ్యుంటుంది.

గాజు పని
నా ఫిల్టర్ సంగతి వదలండి. నేను కారు అద్దాలు బిగించే పని చేస్తాను. పక్క అద్దం టెంపర్డ్ గ్లాస్. 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ బిగువు గాజులో అలాగే ఉండిపోతుంది. మామూలు కంటికి కనబడదు, పోలరైజర్‌లోంచి చూస్తే చుక్కలు చుక్కలుగా రంగులు తేలతాయి. ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది, దానికి ఈ బాధ అంతగా ఉండదు. మీరు పెళ్ళి మండపంలో తీసి ఉంటారు, కారులోంచి కాదు.

లెన్స్ మాస్టారు
నా పని గురించి మాట్లాడే హక్కు మీకు లేదు.

పాలమూరు పిల్ల
గొడవెందుకు? అక్కా, డాష్‌బోర్డు మీద నల్లటి చున్నీ పరవండి, నీడ పడదు. నేను 0 రూపాయలతో చేశాను. వినాయకుణ్ణి అడవి దాటేదాకా మీ ఒళ్ళో పెట్టుకోండి. పక్క అద్దమైతే ఫోన్‌ని దాదాపు తగిలేంత దగ్గరగా పట్టుకోండి, కానీ ఆనించకండి. ఆనిస్తే ఇంజిన్ అదురు ఫోటోలోకి వచ్చేస్తుంది.

లెక్కల టీచర్
గీతలు ఎందుకు వచ్చాయో ఎవరూ చెప్పలేదు. 60 కి.మీ. వేగంలో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. కెమెరా షటర్ తెరిచి ఉండేది 1/60 సెకను అయితే ఆ కాస్తలోనే 28 సెం.మీ. జరుగుతుంది. 1/1000 పెడితే 2 సెం.మీ. లోపే. రోడ్డు పక్క చెట్టుని వదిలేసి దూరపు కొండని తీస్తే ఇంకా తేలిక. పాత కెమెరాలో షటర్ మన చేతిలో ఉంటుంది కాబట్టి అదే పట్టుకెళ్ళండి. పోలరైజర్ వెలుతురు తినేస్తుంది, అడవి నీడలో షటర్ వేగం పడిపోతుంది. ఆ విషయం మాస్టారు చెప్పలేదు.

ఘాట్ రాజా
ఇంత తతంగం ఎందుకు. నేను ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మలుపులన్నీ వీడియో తీశాను. సూపర్‌గా వచ్చింది.

నల్లమల బాట
ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకుని ఆ పని చేశారా? మా చిన్నాన్న కొడుకు ఇలాగే సెల్ చూసుకుంటూ లారీ కిందికి పోయాడు. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద నేరం. ఇక్కడ చిన్నపిల్లలు చదువుతారు, ఆ పోస్టు తీసేయండి.

ఘాట్ రాజా
15 ఏళ్ళ డ్రైవింగ్ నాది. మీరు నేర్పక్కర్లేదు.

గాజు పని
15 కాదు 50 అయినా మలుపులో ఎదురుగా బస్సు వస్తే చేతులు రెండే. రాజా గారూ, తీసేయండి.

గుంటూరు కారం
అద్దం దించమని మాత్రం ఎవరూ చెప్పకండి. డ్యామ్‌కి దిగే ఘాట్‌లో కారు నెమ్మదించగానే కోతి వచ్చి మా పాప చేతిలో బిస్కెట్ ప్యాకెట్ లాక్కుంది, గోరు గీరుకుని ఇంజెక్షన్ల కోసం తిరిగాం. వాటికి తిండి వేసి అలవాటు చేసినవాళ్ళదే తప్పు. మాకు సన్ ఫిల్మ్ ఉంది, ఫోటోలు కాస్త మసకే, అయినా అద్దం ఎక్కించే తీస్తాం.

గాజు పని
ఫిల్మ్ ఎంత నల్లగా ఉంది? 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దంది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్కవాటిలోంచి 50 శాతం వెలుతురు రావాలి.

గుంటూరు కారం
నేను కోతి గురించి చెప్తే మీరు ఫిల్మ్ గురించి అడుగుతారేంటి?

లెక్కల టీచర్
సీటు సంగతి. పొద్దున దక్షిణానికి వెళ్తారు, ఎండ ఎడమ నుంచి. సాయంత్రం ఉత్తరానికి తిరిగొస్తారు, పడమటి ఎండ మళ్ళీ ఎడమ నుంచే. కాబట్టి రెండుసార్లూ డ్రైవర్ వెనక సీటే మేలు. సూర్యుడు మీ వీపు వైపు ఉంటాడు, ఎదుటి చెట్ల మీద వెలుగు నిండుగా పడుతుంది.

మెట్‌పల్లి శారద
అందరూ బయటికే తీస్తున్నారు. 2016లో మేం వెళ్ళినప్పుడు నాన్న వెనక సీట్లో తువ్వాలు భుజాన వేసుకుని, నోరు తెరిచి నిద్రపోతుంటే మా తమ్ముడు ఒకటి తీశాడు. కదిలిపోయింది, వెలుతురు లేదు. మరుసటి సంక్రాంతికి నాన్న లేరు. ఆ రోజు తీసిన 300 అడవి ఫోటోల్లో మేం దాచుకున్నది అదొక్కటే. కోడలమ్మా, మీ అత్తమామల్ని కూడా తీయండి.

లెన్స్ మాస్టారు
శారద గారూ, ఆ ఫోటో స్కాన్ పంపండి. వెలుతురు పెంచి ఇస్తాను, డబ్బు వద్దు. గాజు పని గారూ, పొద్దున మా వ్యాన్ పక్క అద్దంలోంచి తీసి చూశాను. చుక్కలు వచ్చాయి. మీరన్నది నిజం.

కూకట్‌పల్లి కోడలు
చున్నీ తీసి పెట్టాను. డ్రైవర్ వెనక సీటు మామయ్యగారిది, నలభై ఏళ్ళుగా ఆయన అక్కడే కూర్చుంటారు. అడిగాను. "శారదమ్మ రాసింది చదివి వినిపించు" అన్నారు. విని, వెళ్ళేటప్పుడు నువ్వు కూర్చో, వచ్చేటప్పుడు నేను అన్నారు. పిల్లల వాంతుల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.