30 వారాలకే పుట్టిన పాప: ఆర్‌ఓపీ (నెలలు నిండని పిల్లల్లో వచ్చే రెటీనా జబ్బు) స్టేజ్ 2, బరువు పెరగడం లేదు

మా పాప 30 వారాలకే పుట్టింది, బరువు 1250 గ్రాములు. 36 రోజులు ఎన్‌ఐసీయూలో (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూ) ఉంది. 9 రోజులు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషిన్) మీద ఆక్సిజన్ ఇచ్చారు. మధ్యలో రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చింది, రెండుసార్లు రక్తం ఎక్కించారు.

28వ రోజు కంటి పరీక్షలో రెటీనా (కంటి లోపలి పొర) రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగలేదన్నారు. 42వ రోజున రెండు కళ్లలోనూ జోన్ 2 (రెటీనా మధ్య వలయం), స్టేజ్ 2 (ఐదు దశల్లో రెండోది) ఆర్‌ఓపీ, ప్లస్ (రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరగడం) లేదని రాశారు. ఇప్పుడు లేజర్ అవసరం లేదు, వారంలో మళ్లీ తీసుకురమ్మన్నారు. ఆ తేదీ తప్పనివ్వం.

ఆక్సిజన్ వల్లేనా అని పిల్లల డాక్టర్‌ని అడిగాను. అదొక్కటే కాదు, నెలలు నిండకపోవడం, తక్కువ బరువు, ఇన్ఫెక్షన్, రక్తం ఎక్కించడం అన్నీ కారణాలేనన్నారు. పుట్టాక బరువు నెమ్మదిగా పెరగడం కూడా ఒకటట. జరిగినవాటిని మార్చలేం, మా చేతిలో మిగిలింది బరువు పెంచడం ఒక్కటే. అందుకే టెన్షన్.

డిశ్చార్జ్ రోజు 1510 గ్రాములు, 6 రోజుల తర్వాత 1580. రోజుకు 12 గ్రాములు కూడా లేదు. కనీసం 20 పెరగాలంటున్నారు. తల్లిపాలు పిండి, డాక్టర్ చెప్పిన ఫోర్టిఫయర్ (పాలలో పోషకాలు పెంచేది) కలిపి, రెండు గంటలకోసారి ఉగ్గుగిన్నెతో 30 ఎంఎల్ పడుతున్నాం. రోజుకు ఆరేడు గంటలు కంగారూ కేర్ (పాపని ఒంటికి ఆనించి గుండెల మీద ఉంచుకోవడం) ఇస్తున్నాం. వాంతులు లేవు, కానీ తాగుతూనే అలసిపోయి నిద్రపోతుంది.

ఇలాంటి పాపని పెంచినవాళ్లు, లేదా ఎన్‌ఐసీయూలో పనిచేసేవాళ్లు చెప్పండి: పాలు పట్టే పద్ధతిలో ఏం మార్చాక బరువు పెరగడం మొదలైంది?