నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న పదకొండు రాత్రులూ కుక్క ఏడ్చింది: దానికి ముందే తెలిసిందా?

ప్రశ్న: బత్తాయితోట (నల్గొండ జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. పోయిన నెల మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పి, కుక్కల స్వభావం ఎరిగినవారి అభిప్రాయం అడగాలని ఇది రాస్తున్నాను.

మా నాన్నగారికి 66 ఏళ్లు. చాలాకాలంగా షుగరు ఉంది. ఆ రోజు పొద్దున మాత్ర వేసుకుని, ఏమీ తినకుండానే తోటకు నీళ్లు వదలడానికి వెళ్లారు. ఎప్పటిలాగే టైగర్ ఆయన వెంట వెళ్లింది. అది జాతి కుక్క కాదు; ఆరేళ్ల కిందట ఒక వానాకాలం మా మోటారు షెడ్డులో దూరిన ఊరకుక్క పిల్ల, ఆ నాటి నుంచి ఆయనను విడిచి ఉండలేదు. పది గంటల వేళ అది ఒక్కటే ఇంటికి వచ్చి, గేటు దగ్గర నిలబడి మొరిగింది. అమ్మ బయటకు రాగానే తోట దారిలో నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, వెనక్కి చూసి, ఆమె కదలకపోయేసరికి మళ్లీ వచ్చి మొరిగింది. పాము కనబడిందేమోనని కర్ర పట్టుకుని వెళ్లిన అమ్మకు, డ్రిప్పు గేటువాల్వు పక్కన నాన్నగారు పడి ఉండడం కనిపించింది. చొక్కా చెమటతో తడిసి ఉంది, మాట ముద్దగా వస్తోంది, తుంటి ఎముక విరిగింది. 108 వాహనం తోట మొదట్లో ఉన్న వేపచెట్టు దాకా వచ్చి, ఆయనను ఎక్కించుకుని వెళ్లింది. ఆపరేషన్, ఆ తరువాతి చికిత్స కలిపి ఆయన హైదరాబాదులో పదకొండు రోజులు ఉన్నారు.

ఆ పదకొండు రోజులూ టైగర్ ప్రవర్తన మమ్మల్ని కలవరపెట్టింది. మొదటి రెండు రోజులు అన్నం ముట్టలేదు. పగలంతా ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకునేది. సాయంత్రం కాగానే ఆ వేపచెట్టు కిందికి వెళ్లి చీకటి పడేదాకా కూర్చునేది. అర్ధరాత్రి దాటాక తల పైకెత్తి ఏడ్చేది. కుక్క ఏడిస్తే ఆ ఇంటికి అరిష్టమని, దానిని ఆటోలో ఎక్కించి ఎక్కడైనా దూరంగా వదిలిరమ్మని ఇరుగుపొరుగు వారు అమ్మను ఒత్తిడి చేశారు. ఆసుపత్రిలో మనిషి ఉండగా ఆ మాట వింటే ఎంత భయం వేస్తుందో చెప్పనక్కరలేదు. నాన్నగారు క్షేమంగా ఇంటికి వచ్చారు కాబట్టి ఆ మాట అక్కడితో ఆగింది.

పడిపోవడానికి కాసేపటి ముందు టైగర్ తన కాళ్లకు అడ్డం తిరిగిందని, చేయి పదే పదే నాకిందని, దానికి ముందే తెలిసిందని నాన్నగారు అంటున్నారు. ఇందులో నిజం ఎంత? రాత్రిపూట అది ఏడవడానికి అర్థం ఏమిటి? వచ్చే నెల పరీక్షల కోసం ఆయన మళ్లీ నాలుగు రోజులు హైదరాబాదులో ఉండాలి. అప్పుడు కుక్క విషయంలో మేము ఏం చేయాలి?


సమాధానం: విశ్రాంత పశువైద్యుడు

మీ నాన్నగారి మాటను నేను కొట్టిపారేయను, అలాగని పూర్తిగా ఒప్పుకోను కూడా.

రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడు మనిషి శ్వాసలో ఐసోప్రీన్ అనే వాయువు పెరుగుతుందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు గమనించారు. వారు పరీక్షించినది టైప్ 1 మధుమేహం ఉన్న 8 మంది మహిళలనే, కొందరిలో ఆ వాయువు దాదాపు రెట్టింపయింది. చక్కెర పడిపోతున్నదని ముందుగా హెచ్చరించేలా తర్ఫీదు పొందిన కుక్కలు బహుశా పట్టుకుంటున్నది ఈ వాసననే కావచ్చునని వారి ఊహ. దీనికి తోడు కంగారులో ఉన్న మనిషి చెమట వాసన కూడా మారుతుంది. 2022లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో 36 మంది చేత 9000 నుంచి పదిహేడేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టించి, అందుకు ముందూ తరువాతా వారి చెమటను, శ్వాసను గుడ్డల మీద సేకరించి, 4 కుక్కల ముందు ఉంచారు. మొత్తం 720 ప్రయత్నాలలో 675 సార్లు అవి ఒత్తిడి వాసన ఉన్న గుడ్డనే సరిగా పట్టుకున్నాయి. అందులో ఉన్నది అదే మనిషి వాసన, మారినది మనసు స్థితి ఒక్కటే.

కనుక ఆ ఉదయం మీ నాన్నగారి దగ్గర వాసన, నడక, మాట తీరు మారిన సంగతి టైగర్‌కు అంది ఉండవచ్చు. అయితే మారిందని తెలియడం వేరు, ఆ మార్పు వెనుక ప్రాణాపాయం ఉందని తెలియడం వేరు. తర్ఫీదు లేని కుక్క ఆ రెండింటినీ కలుపుకోగలదని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. 2006లో కెనడాలో కొందరు యజమానుల చేత మైదానంలో గుండెపోటు వచ్చినట్టు పడిపోయే నటన చేయిస్తే, దగ్గరలోనే ఇంకొక మనిషి ఉన్నా వారి కుక్కలు సాయం కోసం ఆ మనిషి దగ్గరకు వెళ్లలేదు. నటనలో చెమట వాసన ఉండదు కదా అని మీరు అడగవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. 2020లో అమెరికాలోని అరిజోనాలో ఇంకొక విధంగా చూశారు. యజమాని ఒక పెద్ద పెట్టెలో కూర్చుని, ఆపదలో ఉన్నట్టు అరుస్తాడు. పెట్టె తెరవడం ఎలాగో కుక్కకు ఎవరూ నేర్పలేదు. 60 కుక్కలలో మూడోవంతు మాత్రమే తెరిచాయి. ఇంతేనా అనుకునేలోగా, అదే పెట్టెలో తిండి పెట్టి చూస్తే తెరిచినవి 19 మాత్రమేనని తేలింది. ఆ 19లో 16 కుక్కలు యజమాని కోసం కూడా తెరిచాయి. అంటే చాలా కుక్కలకు లోపించినది ప్రేమ కాదు, ఉపాయం.

టైగర్‌కు పెట్టె తెరిచే అవసరం రాలేదు. పిలిచినా పలకని, లేవని మనిషి పక్కన కలవరపడిన కుక్క, తనకు తెలిసిన మిగతా మనుషులు ఉన్న చోటికి వెళ్లింది. అమ్మ కదలకపోతే ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగింది. దానిని మనం "పిలుచుకుపోవడానికి వచ్చింది" అంటాం. అది పొరపాటని అనను గాని, కుక్క పక్షాన చూస్తే చెదిరిన తన గుంపును ఒక్కచోటికి చేర్చే ప్రయత్నంలా నాకు తోస్తుంది.

ఇక ఏడుపు. మన ఊళ్లలో దీనికి కట్టిన కథ కుక్కలకు చాలా అన్యాయం చేసింది. 2013లో ఆస్ట్రియాలో పెంపుడు తోడేళ్ల మీద జరిగిన ఒక పరిశీలనలో, గుంపులోని ఒక తోడేలును నడకకు తీసుకువెళ్లినప్పుడు మిగిలినవి ఊళ పెట్టడం గమనించారు. వెళ్లినది తమకు బాగా దగ్గరైనదైతే ఊళ ఎక్కువగా ఉండేది. లాలాజలంలో కొలిచిన ఒత్తిడి హార్మోను ఆ తేడాకు కారణంగా కనిపించలేదు. అంటే అది ఒట్టి భయమో దుఃఖమో కాదు, విడిపోయిన జతగాడికి వేసే కేక. కుక్క తోడేలు వంశానిదే. టైగర్ మీ ఇంటికి చావును పిలవలేదు, మీ నాన్నగారిని పిలిచింది. అర్ధరాత్రి ఎందుకంటే, ఊరు సద్దుమణిగాక కేక దూరం పోతుంది, దూరాన ఏ కుక్క అరిచినా వినబడి బదులు పలకాలనిపిస్తుంది. ఇంతకీ ఏడ్చిన రాత్రి మరునాడు ఎవరైనా పోతే ఊరంతా పదేళ్లు చెప్పుకుంటారు. ఏడ్చినా ఏమీ జరగని వందల రాత్రుల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.


సమాధానం: పోలీసు జాగిలాల దళంలో పనిచేసినవాడు

డాక్టరు గారు చెప్పిన దానికి నా అనుభవం నుంచి ఒకటి కలుపుతాను. మీ ప్రశ్నలో నన్ను పట్టుకున్నది ఆ వేపచెట్టు.

మనిషి నడిచినంత మేరా ఒంటి నుంచి కంటికి కనబడని చర్మపు పొట్టు రాలుతూనే ఉంటుంది. దళంలో మేము అనుసరించేది ఆ జాడనే. ఆ మనిషి వాహనం ఎక్కితే జాడ అక్కడ తెగిపోతుంది. తర్ఫీదు పొందిన జాగిలం కూడా సరిగ్గా ఆ చోట ఆగి, చుట్టూ రెండు మూడు సార్లు తిరిగి, మా ముఖం చూస్తుంది. అది చూసి "ఇక్కడ బండి ఎక్కాడు" అని రాసుకుంటాం. మీ టైగర్ కూర్చున్నది 108 ఆగిన చోటనే. మొదటి రోజుల్లో దానిని అక్కడికి తీసుకువెళ్లినది వాసన అయి ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గి నేల చల్లబడ్డాక వాసన నేలను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక ఆ వేళ కూడా అందుకు తగినదే. తరువాతి రోజుల్లో అది అలవాటుగా మారి ఉంటుంది.

తర్ఫీదు లేని కుక్క ఇలా వెతకగలదా అని సందేహపడేవారికి పెట్టిముడి సంగతి చెప్పాలి. 2020 ఆగస్టు 6 రాత్రి కేరళలోని ఇడుక్కి జిల్లాలో, మున్నారు దగ్గర తేయాకు కార్మికుల లైను ఇళ్ల మీద కొండచరియ విరిగిపడి 70 మంది చనిపోయారు. కువి అనే పెంపుడు కుక్క తన ఇంటివారి కోసం రోజుల తరబడి ఆ బురదలోనే తిరిగింది. ఎనిమిదో రోజున ఒక వంతెన దగ్గర వాగులోకి చూస్తూ నిలబడిపోయింది. అది కదలకపోవడం గమనించిన సహాయ బృందం అక్కడ వెతికితే, నీళ్లలో చెట్టుకు చిక్కుకున్న రెండేళ్ల పాప మృతదేహం దొరికింది. ఆ పాప దాని ఇంటి బిడ్డే. తరువాత కేరళ పోలీసులు ఆ కుక్కను తమ జాగిలాల దళంలోకి తీసుకున్నారు.

తర్ఫీదు వల్ల వచ్చే తేడా ఏమిటంటే, కువి వెతికినది తనవారిని. మా జాగిలం ముఖం తెలియని వారిని కూడా వెతుకుతుంది, దొరికిందని మాకు అర్థమయ్యే సైగ చేస్తుంది. 2025 ఫిబ్రవరి 22న మీ జిల్లాకు నీళ్లు తేవలసిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ, అంటే ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు, మార్చిలో మృతదేహాల వాసన పట్టే కేరళ పోలీసుల క్యాడవర్ జాగిలాలను రప్పించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బురద, ఊటనీరు, ఇనుప ముక్కలు కలిసిపోయిన ఆ చోట ఎక్కడ తవ్వాలో చూపడానికి యంత్రాలతో పాటు వాటి ముక్కును నమ్ముకున్నారు.

ఒక్క మాట అడగాలని ఉంది. నాన్నగారు తిరిగి వచ్చినప్పుడు టైగర్ ఏం చేసింది? మీద పడి గంతులు వేసిందా, లేక దూరంగా నిలబడిందా?


సమాధానం: షిబుయా ప్రయాణికుడు

ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాను. రోజూ షిబుయా స్టేషను దగ్గర హచికో అనే కుక్క విగ్రహం పక్క నుంచే నడుస్తాను. కుక్కను దూరంగా వదిలిరమ్మన్న మీ ఇరుగుపొరుగు సంగతి చదివాక ఇది రాయాలనిపించింది. హచికో యజమాని, వ్యవసాయశాస్త్ర ఆచార్యుడు ఉయెనో, 1925 మే నెలలో మరణించారు. ఆ కుక్క 1935 మార్చి 8న చనిపోయేదాకా, దాదాపు పదేళ్లు, ఆయన రైలు దిగే వేళకు స్టేషనుకు వస్తూనే ఉంది. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. మొదటి ఏళ్లలో స్టేషను సిబ్బంది, అక్కడి దుకాణాలవారు దానిని తిట్టి తరిమేవారు. 1932లో పత్రికలో కథనం వచ్చాకనే ఆదరించడం మొదలైంది. 1934లో విగ్రహం పెట్టారు, ఆ ఆవిష్కరణకు హచికో కూడా వచ్చింది. చనిపోయాక కోసి చూస్తే కడుపులో కోడిమాంసం కాల్చి గుచ్చే పుల్లలు ఉన్నాయి కాబట్టి, అది తిండి కోసమే వచ్చేదని వాదించేవారు ఇక్కడా ఉన్నారు. తరిమికొట్టిన ఏళ్లలో కూడా ఎందుకు వచ్చిందో ఆ వాదన చెప్పదు.


సమాధానం: విశ్రాంత పశువైద్యుడు

హైదరాబాదు ప్రయాణం గురించి మీరు అడిగినదానికి నేను జవాబు ఇవ్వలేదు, మన్నించండి.

నాన్నగారు కప్పుకున్న తువ్వాలును ఉతకకుండా దాని పడక దగ్గర ఉంచండి. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో 12 కుక్కలకు మెదడు స్కానింగు చేస్తూ రకరకాల వాసనలు చూపించినప్పుడు, మంచిని ఆశించే వేళ చురుకయ్యే భాగం బాగా ఎరిగిన మనిషి వాసనకే ఎక్కువగా స్పందించింది. ఆ మనిషి అప్పుడు ఎదుట లేడు. తిండి వేళ, తోటకు వెళ్లే వేళ మారనీయకండి. ఆయన బదులు ఎవరో ఒకరు రోజూ దానిని వేపచెట్టు దాకా తీసుకువెళ్లి వెనక్కి తీసుకురండి. కట్టివేస్తే కేక పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రెండు రోజులు దాటి తినకపోయినా, ఒక రోజంతా నీళ్లు తాగకపోయినా "బెంగ పెట్టుకుంది" అని ఊరుకోకండి. మన వైపు పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో కూడా కుక్క తిండి మాని, ఒక మూల ముడుచుకుని పడుకుంటుంది. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. తెల్లగా పాలిపోయి ఉంటే అది బెంగ కాదు, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. బెంగ అనే మాట చాటున ఈ జబ్బును ఆలస్యంగా తెచ్చి చూపిన కుక్కలను నా సర్వీసులో చాలా చూశాను.


బత్తాయితోట

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను అమ్మకు చదివి వినిపించాను. ఏడుపు గురించి డాక్టరు గారు రాసినది రెండుసార్లు చదవమంది.

నాన్నగారు వచ్చిన రోజు సంగతి అడిగారు. కారు గేటు దగ్గర ఆగగానే టైగర్ పరుగెత్తుకుంటూ వచ్చింది గాని, ఆయన వాకరు పట్టుకుని దిగడం చూసి పది అడుగుల దూరంలో ఆగిపోయింది. మెడ మీది వెంట్రుకలు లేచాయి, సన్నగా గుర్రుమంది. ఆయన ఒంటి నిండా ఆసుపత్రి వాసనే కదా. "ఏరా, మరిచిపోయావా" అని ఆయన అన్నారు. గొంతు విని తోక ఊపింది కాని, దగ్గరికి రాలేదు. ముందు వాకరు కాళ్లు నాలుగూ వాసన చూసింది, తరువాత కట్టు ఉన్న వైపు, చివరకు ఆయన అరచేయి. అరచేతి దగ్గర చాలాసేపు ఆగింది. ఆ తరువాత గంతులు వేయలేదు, మొరగలేదు. ఆయన మంచం కిందికి దూరి మరునాడు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. ఆ రాత్రి ఏడవలేదు.

తువ్వాలు మాట వినగానే అమ్మ, ఉతకడానికి నానబెట్టబోతున్న దానిని బకెట్టు మీది నుంచి తీసి, కవరులో చుట్టి అలమరలో పెట్టింది. కవరు మీద "టైగర్‌ది" అని నా చేత రాయించింది.