రొన్సార్ కవితలకు డాలీ వేసిన బొమ్మలు: ప్రేమా, వ్యాపారమా?

గోదారిగట్టు:
పియెర్ ద రొన్సార్ 16వ శతాబ్దపు ఫ్రెంచ్ కవి. 1545లో బ్లువాలో రాజుగారి కొలువు వేడుకలో కసాండ్ర్ సాల్వియాతి అనే అమ్మాయిని చూశాడు. మరుసటి ఏడే ఆమెకి వేరొకరితో పెళ్ళయింది. అయినా 1552లో ఆమె మీద ప్రేమ కవితల పుస్తకమే వేశాడు. 1968లో, 64 ఏళ్ళ వయసులో, స్పానిష్ చిత్రకారుడు సాల్వడోర్ డాలీ ఆ కవితలకి బొమ్మలు చెక్కాడు. నాకు ఆ బొమ్మలంటే ప్రాణం. నా స్నేహితుడేమో "డబ్బు కోసం గీసినవి" అని ఒక్క మాటలో తీసిపారేశాడు. మీరేమంటారు?

నీలిసిరా:
మీ స్నేహితుడితో ఏకీభవిస్తున్నానండీ. డాలీ పాత సహచరుడు, ఫ్రెంచ్ కవి ఆంద్రే బ్రెతాన్ ఆయన పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి "అవిదా డాలర్స్" అన్నాడు, అంటే డాలర్ల మీద ఆశ. 1974లో అండోరా వెళ్తున్న లారీని ఫ్రెంచ్ కస్టమ్స్ వాళ్ళు ఆపితే, డాలీ సంతకాలున్న ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. వాటి మీద తర్వాత ఏ బొమ్మైనా అచ్చువేసి డాలీదని అమ్ముకోవచ్చు. అలాంటివాడికి రొన్సార్ ఇంకో సరుకు, అంతే.

రాగిరేకు:
ఆ కాగితాల సంగతి నాకూ మింగుడుపడదు. కానీ ఈ బొమ్మలు డ్రైపాయింట్ పని. ఇందులో ఆసిడ్ ఉండదు, సూదితో నేరుగా రాగిరేకు మీద గీకాలి. గీత పక్కన లేచిన రాగి పొట్టు సిరాని పట్టుకుని, అచ్చులో గీతకి నూగులాంటి మెత్తదనం ఇస్తుంది. కొన్ని ప్రతులు తీసేసరికి అది అరిగిపోతుంది. చెయ్యి తడబడితే ఆ తడబాటు రేకు మీదే ఉండిపోతుంది, చెరపడం చాలా కష్టం. ఖాళీ కాగితం మీద సంతకం గిలికినంత తేలిక కాదిది.

ఇక డబ్బు తీసుకుంటే ప్రేమ ఉండదనే మాట. రొన్సార్ 1578లో హెలెన్ అనే యువతి గురించి వేసిన సానెట్లు (పద్నాలుగు పాదాల పద్యాలు) రాణి కాతరీన్ ద మెదీచి సూచన మీద రాసినవని చెబుతారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. ముసలితనంలో హెలెన్ రాత్రిపూట దీపం దగ్గర నూలు వడుకుతూ తన పద్యాలు తలుచుకుంటుందని ఊహించిన సానెట్ అందులోదే. ఒకరు అడిగితే రాసిన పుస్తకంలోకి అంత దిగులు ఎక్కణ్ణుంచి వచ్చింది?

నీలిసిరా:
రాగిరేకు విషయం ఒప్పుకుంటున్నాను. కానీ తన సంతకానికి తనే విలువ లేకుండా చేసుకున్న మనిషి ఏ గీత మనసుపెట్టి గీశాడో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? ఈ అనుమానం మనం కల్పించుకున్నది కాదు, ఆయన తెచ్చిపెట్టినదే.

గోదారిగట్టు:
పొద్దున విచ్చి సాయంత్రానికి వాడిపోయే గులాబీ పద్యం రాసేనాటికి రొన్సార్‌కి ముప్పై కూడా లేవు. వాడిపోవడం గురించి ఆయనకంటే 64 ఏళ్ళ డాలీకే బాగా తెలిసి ఉంటుంది. నేను ఆ బొమ్మల దగ్గర గీతనే చూస్తానండీ, సంతకం వైపు చూపు పోదు.