బేరం, మారుబేరం, కొసరు

మొన్న మన గుంపులో పాలకొండ వైపు నుంచి ఒకాయన అడిగారు. వాళ్ళమ్మగారు ముప్పై ఏళ్ళు సంతల్లో కూరగాయల మారుబేరం (ఒకచోట కొని మరోచోట అమ్మడం) చేసి పిల్లల్ని చదివించారట. ఆవిడ గురించి రాస్తూ 'మారుబేరం' అని వేస్తే, చదివిన బంధువొకరు అది చిల్లర మాట అనీ, అసలు బేరం అన్నదే హిందీ మాట అనీ, చక్కగా 'వ్యాపారం' అని దిద్దుకోమనీ చెప్పారట. దిద్దాలా వద్దా అని ఆయన ప్రశ్న. కింద చాలామంది ఆ బంధువునే సమర్థించారు. అది చదివాక నాకు మనసు ఊరుకోలేదు.

బేరం హిందీ నుంచి రాలేదు. సంస్కృతంలోని 'వ్యవహారం' జనం నోళ్ళలో నలిగి 'బేహారం' అయింది. అది చేసేవాడు బేహారి. పాత తెలుగులో ఈ రెండు మాటలూ ఉన్నాయి, నిఘంటువులు తిరగేస్తే కనిపిస్తాయి. వైరాగిని బైరాగి అన్నట్టే ఇక్కడా ముందున్న వకారం బకారమైంది. సాహెబు సాయిబు అయినప్పుడు హకారం పోయినట్టే బేహారంలోనూ పోయి బేరం మిగిలింది. హిందీలో వినిపించే 'బేపారి' వేరు, అది 'వ్యాపారి' నుంచి వచ్చింది. రెండూ వినడానికి దగ్గరగా ఉండటంతో ఆ బంధువు పొరబడి ఉంటారు.

ఇక 'వ్యవహారం' సంగతి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో 'వివాదో వ్యవహారః స్యాత్' అని ఉంది. అంటే వ్యవహారానికి వివాదం అనే అర్థం చెప్పింది. యాజ్ఞవల్క్య స్మృతిలో మూడు అధ్యాయాలుంటే, తగవులు ఎలా విచారించాలో చెప్పే రెండోదాని పేరు వ్యవహారాధ్యాయం. ఇచ్చిపుచ్చుకోవడం అనే అర్థం కూడా ఆ మాటకు ఉంది. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలబడి చెరొక మాట అనడం, చివరికి ఒక మాట దగ్గర ఆగడం, ఈ మొత్తం ఆ పేరులోనే ఉంది. మనం ఇప్పటికీ 'బేరం తెగింది' అనే అంటాం. తెగడం అంటే ఇక్కడ చెడిపోవడం కాదు, తేలిపోవడం. తగువు తెగింది అన్నట్టే. ధర కుదరకపోతే 'బేరం తెగలేదు' అంటాం. ఈ వాడుక తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మాట చిన్నది కాబట్టి చిన్న సరుకుకే వాడతాం అనుకోవద్దు. పలాసలో 80 కిలోల జీడిపిక్కల బస్తా మీద నడిచేదీ బేరమే, సంతలో తోటకూర కట్ట మీద నడిచేదీ బేరమే. ఆటో అబ్బాయి 'పొద్దుట్నుంచి బేరాల్లేవండి' అన్నాడంటే అక్కడ బేరం అంటే ఎక్కే మనిషే.

నా చిన్నతనంలో మా అమ్మమ్మతో నరసన్నపేట దగ్గర సంతకు వెళ్ళేవాణ్ణి. ఆవిడ చోళ్ళు (రాగులు) కొనేది. అప్పటికి ఎప్పుడో కిలోలొచ్చేసినా పల్లెల్లో గింజల్ని ఇంకా కుంచంతోనే కొలిచేవారు. గిద్దలు నాలుగైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మొదటి కుంచాన్ని 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఏడుకొచ్చేసరికి ఏడుపు గుర్తొస్తుందని 'ఆరున్నొకటి' అంటారు. కొలత అయ్యాక అసలు మాటలు మొదలయ్యేవి.

"ఓలప్పా, ఇంకో గుప్పెడెయ్యి."

"ఎయ్యను గానీ, నాకేటి మిగుల్తాది సెప్పు?"

"మిగలకపోతే ఇంతదూరం మోసుకొస్తావేటి? ఎయ్యెయ్యి, ఇంట్లో పిల్లలున్నారు."

అమ్మే ఆవిడ నవ్వి గుప్పెడు వేసేది. అదే కొసరు. ఒకరినొకరు అప్ప (అక్క) అనుకునేవారు, ఇద్దరికీ చుట్టరికం లేదు.

ఈ 'కొసరు' గురించి కూడా ఒక మాట చెప్పాలి. బ్రౌన్ నిఘంటువులో ఇది క్రియగానూ ఉంది: ధర దగ్గర పట్టుబట్టడం, ఇంకొంచెం అడగడం. నామవాచకంగా కొలత పైన వేసేది. అయితే మనం 'కొసరి కొసరి వడ్డించింది' అని కూడా అంటాం. సంతలో పుచ్చుకునేవాళ్ళు కొసరితే, పంక్తిలో పెట్టేవాళ్ళు కొసరుతారు. అదే క్రియ చేతులు మారింది. పిసినారితనానికి మాత్రమే పుట్టిన మాటైతే విస్తరి దగ్గరకు ఎలా వస్తుంది?

కుంచంలో అయితే గింజల్ని అంచుదాకా సమంగా చెయ్యొచ్చు, గోపురంలా పొయ్యొచ్చు. ఆ తేడాలోనే ఆప్యాయత తెలిసేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు, ఆ తర్వాత కొన్నేళ్ళలో కిలోలూ లీటర్లూ వచ్చాయి. ముల్లు నిలబడిన చోటే కొలత, గోపురానికి చోటు లేదు. అయినా ముల్లు నిలిచాక రెండు పచ్చిమిరపకాయలో కరివేపాకు రెబ్బో సంచిలో పడేది, నేటికీ పడుతోంది.

'చిల్లర' అన్నందుకు కూడా ఒక మాట. చిల్లర అంటే చిన్న నాణేలు, విడి డబ్బులు. చిల్లర కొట్టు, చిల్లర వర్తకం అనే మాటల్లోనూ చిన్న మొత్తం అనే అర్థమే ఉంది. చిన్న మొత్తాన్ని చిన్న బుద్ధి కింద జమకట్టి చిల్లర మనుషులు, చిల్లర బుద్ధులు అనడం మొదలయ్యాక తిట్టు అయింది. చిన్న మొత్తాలతో బతికినవాళ్ళ మీద ఆ తిట్టు పడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

మారుబేరం అంటే ఒకచోట కొన్నది మరోచోట మళ్ళీ అమ్మడం. తెల్లారక ముందే లేచి రైతు దగ్గర తట్ట నింపుకుని, బస్సు పట్టుకుని, ఎండెక్కేలోపు సంతలో గోనె పరవడం. ఏది ఎప్పుడు వాడిపోతుందో, ఏ ఊళ్ళో ఏది అడుగుతారో తెలియకపోతే ఆ పని నడవదు. 'వ్యాపారం' అంటే ఇందులో ఏదీ కనబడదు.

అడిగినాయనకు నా సలహా ఒక్కటే. బాబూ, దిద్దకండి. మీ అమ్మగారు మారుబేరం చేశారనే రాయండి. కుదిరితే ఆవిడ తక్కెడ ఏదో, ఏయే సంతలకు వెళ్ళేవారో, కొసరు వేసేటప్పుడు ఏమనేవారో కూడా రాయండి.