క్రోషియా వల్ల మీకు ఎవరెవరు పరిచయమయ్యారు?

దారంఉండ (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. పిల్లలు చదువులకి వెళ్ళిపోయాక ఇంట్లో పొద్దు గడవక క్రోషియా, అంటే కొక్కెం సూదితో దారం అల్లడం నేర్చుకున్నాను. గొలుసు కుట్టు చేతికి వచ్చాక ఇక సూది వదలబుద్ధి కాలేదు. నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. మెట్రోలో దారం బయటికి తీస్తే చాలు, పక్కన కూర్చున్నవాళ్ళు "మా అమ్మ కూడా అల్లేదండీ" అంటూ మాట కలుపుతారు. అలా పరిచయమైన ఇద్దరు ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికే వస్తున్నారు. మీకూ ఇలా జరిగిందా?

గోదారిగట్టు:
మాది నరసాపురం దగ్గర పల్లెటూరండీ. మా వైపు లేసు అల్లడం అంటాం. మధ్యాహ్నం వంటలయ్యాక అమ్మమ్మ, పక్కింటి అత్తయ్యలు, పెళ్ళికాని పిల్లలు అందరూ ఒకే అరుగు మీద చేరేవారు. కబుర్లు కబుర్లే, చేతులు మాత్రం ఆగేవి కావు. ఎవరి కష్టమైనా ముందు ఆ అరుగుకే తెలిసేది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన పని ఇది, మా ఆడవాళ్ళ చేతుల్లో విదేశాలకి ఎగుమతయ్యే స్థాయికి ఎదిగింది.

అయితే అది కూలి పని కూడా. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లింది పట్టుకెళ్ళేవాడు, చేతిలో పెట్టేది కొంచెమే. తన లేసు ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో అమ్మమ్మకి తెలియనే లేదు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చినప్పుడు చాలా సంతోషించాను. అల్లేవాళ్ళకి రేటు కూడా పెరగాలి. అసలైన క్రోషియా దాదాపు అంతా ఇప్పటికీ చేత్తో అల్లేదే. దయచేసి లేసు కొనేటప్పుడు బేరమాడకండి.

మెరీనాగాలి (చెన్నై):
గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన అరుగు లాంటిదే పెద్ద ఎత్తున ఇక్కడ చూశాం. మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం 2016 జనవరిలో 11,148.5 చదరపు మీటర్ల దుప్పటితో గిన్నిస్ రికార్డు సాధించింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో తలా కొన్ని ముక్కలు అల్లితే అన్నీ కలిపి పరిచారు. తర్వాత వాటిని లేనివాళ్ళకి దుప్పట్లుగా పంచారు. నాకు రికార్డు కన్నా ఆ పంచడమే ఎక్కువ నచ్చింది.

మంచుఊరు (న్యూజెర్సీ):
కొత్తగా వచ్చినప్పుడు చలికాలమంతా ఇంట్లోనే. మాట్లాడే మనిషి లేక చాలా దిగులుగా ఉండేది. మా ఊరి లైబ్రరీలో వారానికోసారి అల్లేవాళ్ళు కలుస్తారని తెలిసి వెళ్ళాను. నా ఇంగ్లీషు గురించి ఎవరూ పట్టించుకోలేదు, నా కుట్లు చూసి పక్కకి జరిగి చోటిచ్చారు. ఇప్పుడు అందరం కలిసి ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి టోపీలు అల్లుతున్నాం.

కొత్తవాళ్ళకి ప్యాటర్న్ (అల్లే విధానం రాసిన కాగితం) గురించి ఒక మాట. అమెరికా ప్యాటర్న్‌లో సింగిల్ క్రోషే అన్న కుట్టునే బ్రిటన్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అంటారు. ఎక్కడి ప్యాటర్నో చూసుకుని మొదలుపెట్టండి.

నైట్‌షిఫ్ట్ (విశాఖ):
నేను మగవాణ్ణి, ఇక్కడ రాయొచ్చా? డ్యూటీ అయ్యాక నిద్ర పట్టక టెన్షన్‌గా ఉంటోంది. నేర్చుకోవాలని ఉంది. ఏ సూది, ఏ దారం కొనాలి? నాది ఎడమచేతి వాటం.

దారంఉండ:
నిరభ్యంతరంగా రాయండి తమ్ముడూ. 4 లేదా 5 మిల్లీమీటర్ల సూది, కాస్త లావు దారం, లేత రంగులో తీసుకోండి. నల్ల దారమైతే కుట్లు కనిపించవు. సన్న నూలు దారం, స్టీలు సూది తర్వాత చూద్దాం.

గోదారిగట్టు:
ఎడమచేతి వాటమైతే నేర్పేవాళ్ళ పక్కన కాకుండా ఎదురుగా కూర్చోండి బాబూ, అద్దంలో చూసినట్టు సరిగ్గా కనిపిస్తుంది. మా పిన్ని కూతురు అలాగే నేర్చుకుంది. విశాఖలోనే ఉంటుంది, వాళ్ళు నలుగురు శనివారాలు కలుస్తారు. మీరు రావచ్చేమో అడిగి ఇక్కడే చెబుతాను.