అప్‌డేట్: ఈతలో కిక్‌బోర్డ్ (చేతులతో పట్టుకుని తేలే పలక) మీద ముందుకు కదలట్లేదని అడిగింది నేనే

మూడు వారాల కింద అడిగా కదా, బోర్డు పట్టుకుని ఎంత తన్నినా ఉన్నచోటే ఉంటున్నా, ఒక్కోసారి వెనక్కి కూడా పోతున్నా అని. మీలో ఒకరు వీడియో తీయించుకో అన్నారు, తీయిస్తే పరువు పోయింది, అచ్చం సైకిల్ తొక్కుతున్నట్టే మోకాళ్ళు కడుపు కిందకి వస్తున్నాయి, పాదాలేమో ఎల్ షేప్‌లో బిగుసుకుపోయి నీళ్ళని ముందుకి నెడుతున్నాయి, ఇంక వెనక్కి పోక ఏంచేస్తా! ఏళ్ళ తరబడి రన్నింగ్ చేసినోళ్ళకి చీలమండలు ఇలాగే గట్టిగా ఉంటాయంట.

రోజూ టీవీ చూస్తూ వజ్రాసనంలో కూర్చుంటున్నా (మొదట్లో రెండు నిమిషాలకే ప్రాణం పోయేది), పూల్‌లో గోడ పట్టుకుని తొడ నుంచి చిన్న చిన్నగా, పాదం వదులుగా చెప్పు జారిపోతున్నట్టు విదిలించడం. మడమలు నీళ్ళపైకి లేవకుండా సన్నగా నురగ వస్తే చాలన్నారు, అది నిజంగానే పనిచేసింది.

25 మీటర్లకి 1 నిమిషం 40 పట్టేది, నిన్న 58 సెకన్లు. పిక్కలు మాత్రం ఇంకా పట్టేస్తున్నాయి, పాదం బలవంతంగా చాపుతున్నాననుకుంటా. ఫిన్స్ (ఈతకి పాదాలకి తొడుక్కునే రెక్కల్లాంటివి) ఇప్పుడే కొనొచ్చా, ఆగాలా?